నొక్కితే దిగింది, మరి యాడికి పోయింది?

ఫైలు కనపడలేదని డౌన్‌లోడ్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కబాకండి. నొక్కిన ప్రతిసారీ ఇంకో కాపీ దిగి, పేరు చివర (1), (2), (3) అని అంకె వేసుకుంటుంది. ఆఖరికి దిద్దింది ఒక కాపీ, పంపింది ఇంకో కాపీ అవుతుంది. అవతలివాళ్లు ఫోన్ చేసి "పాత లెక్కే పంపారు సార్" అనేదాకా సంగతి బయటపడదు.

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుకి మెయిల్లో వచ్చిన ఆర్డర్ షీటు, రొయ్యల గుంట నీళ్లకి ల్యాబ్ పంపిన రిపోర్టు, కావలిలో చదివే పిల్ల హాల్ టికెట్టు, పొలం 1బి. కాగితం ఏదైనా తిరకాసు ఆ నాలుగైదు చోట్లే వస్తుంది. మూడు సంగతులు చూడండి: ఫైలు ఏ ఫోల్డర్లో పడింది, అది నిజంగా ఏ రకం ఫైలు, సైజు ఎంత. ఇవి చూడకుండా సిస్టమ్ రీస్టార్ట్ చేయడం, బ్రౌజర్ పీకేసి మళ్లీ ఎక్కించడం దండగ.

ముందు జాడ పట్టండి

కంప్యూటర్లో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏది వాడుతున్నా కంట్రోల్ నొక్కి పట్టుకుని జె నొక్కండి. దిగినవన్నీ వరసగా కనపడతాయి. పేరు మీద నొక్కితే ఫైలు తెరుచుకుంటుంది. ఇప్పుడు మనకి కావాల్సింది అది కాదు. పక్కనున్న ఫోల్డర్ బొమ్మ నొక్కండి. ఫైలు పడిన ఫోల్డరే తెరుచుకుని, ఆ ఫైలు రంగు పడి కనపడుతుంది. పైన అడ్రస్ బార్‌లో దారి చదువుకోండి. జాబితాలో పేరు మీద అడ్డగీత ఉంటే దాన్ని ఎవరో తీసేశారు, లేదా వేరే చోటికి జరిపారు.

మామూలుగా అది సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, అందులో డౌన్‌లోడ్స్. ఆ ఫోల్డర్లోనే ఉన్నా కనపడకపోవడానికి కారణం ఒకటుంది. విండోస్ 11 డౌన్‌లోడ్స్‌ని తేదీల వారీగా గుంపులు కట్టి చూపిస్తుంది. జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్లని ఒకే మూటగా కట్టింది, విప్పినప్పుడు లోపలి కాగితాలు తమ పాత తేదీతోనే బయటికొస్తాయి కాబట్టి, ఈరోజు విప్పింది పోయి ఎక్కడో అడుగున పోయినేడాది గుంపులో కూర్చుంటుంది. ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి, గ్రూప్ బై దగ్గర నన్ పెట్టి, పేరు వరసలో చూడండి.

ఇంకో మోసం డెస్క్‌టాప్ దగ్గర జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ దాపు వన్‌డ్రైవ్. దాని బ్యాకప్ ఆన్ అయిన సిస్టంలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ లోపలికి మారతాయి. పాత దారిలో ఒక డెస్క్‌టాప్, వన్‌డ్రైవ్ కింద ఒక డెస్క్‌టాప్ మిగిలిపోతే, ఒక దాంట్లో సేవ్ చేసి రెండో దాంట్లో వెతుకుతుంటాం. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండితే కొత్త ఫైళ్లు కంప్యూటర్లో ఉంటాయి గానీ పైకి ఎక్కవు, ఇంటికెళ్లి ఫోన్లో చూస్తే ఉండవు.

నలుగురు వాడే సిస్టం అయితే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్ తెరిచి, ప్రతి ఫైలుకీ ఎక్కడ సేవ్ చేయాలో అడగమనే స్విచ్ ఆన్ చేయండి. నెట్ సెంటర్ల వాళ్లకి ఇది తప్పనిసరి అంటాం. కాకపోతే అడిగే డబ్బా తెరిచినప్పుడు అంతకు ముందు వాడిన ఫోల్డరే చూపిస్తుంది. చూడకుండా ఎంటర్ కొడితే మీ ఈసీ కాగితం ముందొచ్చినాయన ఫోల్డర్లో పడుతుంది.

తెరవడం వేరు, సేవ్ చేయడం వేరు

కష్టం ఎక్కువగా మట్టిలో కలిసేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి.

కంప్యూటర్లో ఎక్కించుకున్న పాత తరహా అవుట్‌లుక్‌లో మెయిల్ తెరిచి, అటాచ్‌మెంట్ మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్ తెరుచుకుంటుంది. గంట కూర్చుని రేట్లు దిద్ది, కంట్రోల్ ఎస్ కొట్టి, మూసేస్తారు. మళ్లీ మెయిల్ తెరిస్తే పాత రేట్లే. సేవ్ కాలేదని కాదు. మీరు దిద్దింది మెయిల్లో ఉన్నదాన్ని కాదు, డౌన్‌లోడ్స్‌లో ఉన్నదాన్నీ కాదు. అవుట్‌లుక్ తాత్కాలికంగా ఒక దాపుడు ఫోల్డర్లో కాపీ పెట్టి దాన్ని తెరిచింది. కంటెంట్ డాట్ అవుట్‌లుక్ అనే ఆ ఫోల్డరు మామూలుగా వెతికితే కంటపడదు.

పోయిందనుకున్నది వెతకాలంటే:

1. అవుట్‌లుక్‌ని మూయబాకండి. మూస్తే చాలాసార్లు ఆ తాత్కాలిక కాపీని అదే తుడిచేస్తుంది.
2. ఎక్సెల్ లేదా వర్డ్ విడిగా తెరవండి. ఫైల్, ఓపెన్, రీసెంట్ లోకి వెళ్లండి.
3. మీ ఫైలు పేరు మీద రైట్ క్లిక్ కొట్టి, దారిని కాపీ చేసే ఆప్షన్ నొక్కండి.
4. ఏదైనా ఫోల్డర్ తెరిచి, అడ్రస్ బార్‌లో ఆ దారి అతికించి, చివర ఫైలు పేరు చెరిపేసి ఎంటర్ కొట్టండి.
5. దిద్దిన కాపీ అక్కడుంటే వెంటనే డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేసుకోండి.

ఇకముందు ఇలా కాకుండా ఉండాలంటే అటాచ్‌మెంట్ పక్కన చిన్న బాణం నొక్కి సేవ్ యాజ్ ఎంచుకోండి. ఫోల్డర్ చూసి, పేరు చివర తేదీ చేర్చి, అప్పుడు తెరవండి. పొరపాటున ముందే తెరిచేస్తే ఒక్క అక్షరం ముట్టుకోక ముందే ఎఫ్ 12 నొక్కండి. సేవ్ యాజ్ డబ్బా నేరుగా వస్తుంది.

ఈ దాపుడు ఫోల్డర్‌తో ఇంకో తంటా. ఒకే పేరుతో అటాచ్‌మెంట్లు రోజూ వస్తుంటే, ఉదాహరణకి ఇన్వాయిస్ అని మాత్రమే పేరుండేవి, పాత అవుట్‌లుక్ ప్రతిసారీ అంకె పెంచుకుంటూ కాపీలు పేరుస్తుంది. 99 దాటాక ఫైలు తయారు చేయలేనని చెప్పి మొరాయిస్తుంది. అవుట్‌లుక్ మూసి ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తే సరి.

జిప్ కూడా ఇదే కుదురు. జిప్ మీద రెండుసార్లు నొక్కితే లోపలి ఫైళ్లు మామూలు ఫోల్డర్లో ఉన్నట్టే కనపడతాయి. అక్కడి నుంచే తెరిచి దిద్దితే రీడ్ ఓన్లీ అంటుంది, లేదా మార్పులు గాల్లో కలుస్తాయి. ముందు రైట్ క్లిక్, ఎక్స్‌ట్రాక్ట్ ఆల్. జీమెయిల్‌లో అన్నీ కలిపి ఒకేసారి దించితే వచ్చేది జిప్పే అని గుర్తుంచుకోండి.

దిగిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల పైన పసుపు పట్టీ వచ్చి టైపు చేయనీయకపోతే అది చెడిపోలేదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ప్రతి ఫైలుకీ విండోస్ ఒక ముద్ర వేస్తుంది, ఆ ముద్ర చూసి ఆఫీస్ జాగ్రత్త పడుతుంది. పంపినవాళ్లు తెలిసినవాళ్లయితే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కండి. మాక్రోలున్న (లోపల తమంతట తామే పనిచేసే చిన్న ప్రోగ్రాములున్న) షీట్ల విషయంలో 2022 నుంచి ఇంకా కట్టుదిట్టం. ఎర్ర పట్టీ వచ్చి మాక్రో నడవనే నడవదు. మీ ఆడిటర్ పంపిందే అని ఫోన్ చేసి కనుక్కున్నాక, ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడుగున అన్‌బ్లాక్ టిక్కు పెట్టి ఓకే కొట్టండి. 2025 అక్టోబరు అప్‌డేట్ తర్వాత ఫోల్డర్లో కుడిపక్క ప్రివ్యూ కూడా దిగిన ఫైళ్లకి రావడం లేదు. అదీ ఈ ముద్ర వల్లే, మీ సిస్టం తప్పు కాదు.

పీడీఎఫ్ కాని పీడీఎఫ్

పేరు పీడీఎఫ్ అనే ఉంటుంది, తెరిస్తే ఫైలు పాడైందంటుంది. వేరే రీడర్ ఎక్కించినా అదే పాట. ముందు సైజు చూడండి. రెండు పేజీల స్కాన్ కాగితం 3 కేబీ ఉందంటే అది కాగితం కాదు.

దాన్ని రైట్ క్లిక్ కొట్టి నోట్‌ప్యాడ్‌తో తెరవండి. అసలైన పీడీఎఫ్ అయితే మొట్టమొదట శాతం గుర్తు, దాని వెంటే పీ, డీ, ఎఫ్ అనే అక్షరాలు ఉంటాయి. ఆ తర్వాత వచ్చే పిచ్చి గీతలు పట్టించుకోబాకండి. అలా కాకుండా మొదట్లోనే < గుర్తు, హెచ్‌టీఎంఎల్ అనే మాట కనపడితే మీరు దించింది వెబ్ పేజీ. లాగిన్ అయ్యి టీ తాగొచ్చి డౌన్‌లోడ్ నొక్కారు, ఈలోపు సెషన్ గడువైపోయింది, సర్వర్ కాగితానికి బదులు మళ్లీ లాగిన్ అవమనే పేజీ పంపింది, బ్రౌజర్ దాన్నే పీడీఎఫ్ పేరుతో దాచింది. ఆ ఫైలు తీసేసి, కొత్తగా లాగిన్ అయ్యి, వెంటనే దించండి. డౌన్‌లోడ్ లింకు కాపీ చేసి వాట్సాప్‌లో ఇంకొకరికి పంపినా ఇదే జరుగుతుంది. వాళ్ల ఫోన్లో మీ లాగిన్ ఉండదు కదా.

పేరు చివర సీఆర్‌డౌన్‌లోడ్ అని ఉంటే క్రోమ్, ఎడ్జ్‌లో సగంలో ఆగిందని అర్థం. ఫైర్‌ఫాక్స్‌లో పార్ట్ అని ఉంటుంది. పేరు మార్చి పీడీఎఫ్ అని పెట్టుకుంటే తెరుచుకోదు. కంట్రోల్ జె జాబితాలో రెజ్యూమ్ నొక్కి చూడండి, కదలకపోతే తీసేసి మొదటి నుంచి దించండి.

నొక్కితే అసలేమీ జరగనప్పుడు అడ్రస్ బార్ కుడి చివర చూడండి. చాలా సర్కారు సైట్లు కాగితాన్ని కొత్త కిటికీలో తెరుస్తాయి, బ్రౌజర్ దాన్ని పాపప్ అని ఆపేసి అక్కడ చిన్న గుర్తు పెడుతుంది. నొక్కి ఆ సైటుకి అనుమతి ఇవ్వండి. మొదటిది దిగి రెండోది దిగకపోతే, ఎప్పుడో ఆ సైటు ఒకేసారి చాలా ఫైళ్లు దించుతానని అడిగినప్పుడు మీరు బ్లాక్ నొక్కి ఉంటారు. అడ్రస్‌కి ఎడమ పక్క గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ దగ్గర అలౌ పెట్టండి.

పాస్‌వర్డ్ అడిగే పీడీఎఫ్‌ని పాడైందనుకోబాకండి. ఈ-ఆధార్‌కి పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, ఖాళీ వదలకుండా పుట్టిన సంవత్సరం. పేరంటే ఆధార్ మీద అచ్చయిన పేరు. ఇంటిపేరు ముందుంటే ఆ అక్షరాలే పడతాయి, మీరు పిలిపించుకునే పేరు కాదు.

పేరు చివరి తోక

విండోస్ ఫైలు పేరు చివరి తోకని, అంటే ఎక్స్‌టెన్షన్‌ని, దాచేస్తుంది. ఫోల్డర్ పైన వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్కు పెట్టండి. ఈ ఒక్క పని చేయకుండా కింద రాసినవేవీ కుదరవు.

ఫొటో దించితే జేపీజీ బదులు జెఎఫ్ఐఎఫ్ అని పడి, అప్లికేషన్ సైటు తీసుకోకపోతే, ఎఫ్ 2 నొక్కి తోకని జేపీజీగా మార్చండి. లోపల సరుకు అదే కాబట్టి పనిచేస్తుంది. వెబ్‌పీ, ఐఫోన్ నుంచి వచ్చే హెచ్ఈఐసీ ఫొటోల సంగతి వేరు. వాటి తోక మార్చడం సీసా మీద లేబులు మార్చడం లాంటిదే. వెబ్‌పీని పెయింట్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో జేపీఈజీ ఎంచుకోండి. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ పెడితే ఆ తర్వాత తీసేవి జేపీజీలోనే వస్తాయి.

మెయిల్‌కి విన్‌మెయిల్ డాట్ డీఏటీ (winmail.dat) అనే ఫైలొక్కటే తగిలి వస్తే మీ వైపు చేయగలిగింది తక్కువ. పంపినవాళ్ల అవుట్‌లుక్ రిచ్ టెక్స్ట్‌లో పంపింది. హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్ పెట్టి మళ్లీ పంపమనండి.

పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ అని రెండు తోకలున్నది ఇన్వాయిస్ కాదు, ఉచ్చు. తెరవకుండా తీసేయండి. జీమెయిల్ ఈఎక్స్ఈ (కంప్యూటర్ ప్రోగ్రాము), ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్లని రానివ్వదు కాబట్టి దొంగలు వాట్సాప్ పట్టుకున్నారు. పెళ్లి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని ఏపీకే పంపుతున్నారు. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. ఎక్కించేసి డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టండి.

ఫోన్లో

జీమెయిల్ యాప్‌లో అటాచ్‌మెంట్ మీద రెండు గుర్తులుంటాయి. కింది బాణం నొక్కితే ఫోన్లోకి దిగుతుంది. త్రికోణం డ్రైవ్ గుర్తు, నొక్కితే గూగుల్ డ్రైవ్‌లోకి పోతుంది. డ్రైవ్‌లోకి పంపి ఫోన్లో వెతికేవాళ్లే "యాడా కనపడ్లేదునా" అని నెట్ సెంటర్‌కి వచ్చేది. దిగినవి ఫైల్స్ యాప్‌లో డౌన్‌లోడ్స్ కింద ఉంటాయి. ఐఫోన్ అయితే ఫైల్స్ యాప్‌లో బ్రౌజ్ నొక్కి, ఐక్లౌడ్ డ్రైవ్, ఆన్ మై ఐఫోన్ రెండు చోట్లా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడండి.

వాట్సాప్ కాగితాలు డౌన్‌లోడ్స్‌లో పడవు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఇంటర్నల్ స్టోరేజ్, ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మీడియా, వాట్సాప్ డాక్యుమెంట్స్. ఇంత లోతు ఎవరూ దిగలేరు. చాట్‌లోనే ఆ కాగితాన్ని నొక్కిపట్టి, షేర్ ద్వారా డ్రైవ్‌కో మీ మెయిల్‌కో పంపుకోవడం సుఖం. సర్టిఫికెట్ ఫొటోని మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ పిండేస్తుంది, అక్షరాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.

తెలుగు అక్షరాలు, ఎక్సెల్ అంకెలు

సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసి రాసిన పట్టిక) మీద రెండుసార్లు నొక్కబాకండి. ఎక్సెల్ దాన్ని తన ఇష్టమొచ్చినట్టు చదువుకుంటుంది. నెల్లూరు కోడ్ 0861 పోయి 861 అవుతుంది, ఒంగోలు 08592 కాస్తా 8592 అవుతుంది. 12 అంకెల ఆధార్ నంబరు మధ్యలో E+ అని వేసుకుని కురచగా కనపడుతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే లెక్క పెట్టుకుంటుంది కాబట్టి 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరులో చివరిది సున్నా అయిపోతుంది. అలాగే సేవ్ కొడితే అసలు అంకె మళ్లీ రాదు. తెలుగు పేర్లయితే గజిబిజి గుర్తులవుతాయి.

ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్‌వీ నొక్కి, ఫైలు చూపించండి. వచ్చిన కిటికీలో ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్, డేటా టైప్ డిటెక్షన్ దగ్గర డు నాట్ డిటెక్ట్ ఎంచుకుని లోడ్ కొట్టండి. సున్నాలూ ఉంటాయి, తెలుగూ ఉంటుంది.

డీటీపీ షాపు నుంచి వచ్చిన తెలుగు ఫైలు అర్థం కాని గుర్తులుగా తెరుచుకుంటే అది డౌన్‌లోడ్ లోపం కాదు. అను ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంటు మీ సిస్టంలో లేదు. పీడీఎఫ్ చేసి పంపమని అడగండి.

తెలుగులో పొడుగు పేర్లు పెట్టడంలోనూ ఇబ్బంది ఉంది. విండోస్‌లో ఫోల్డర్లన్నీ కలుపుకుని దారి పొడవు మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. మన కంటికి స్త్రీ ఒకటే అక్షరం. కంప్యూటరుకి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు, తెలుగులో ఒక్కో గుర్తుకి 3 బైట్లు. అంటే 85 గుర్తులకే నిండిపోతుంది. ఆ పేరు కురచ చేస్తే చాలు, సేవ్ అవుతుంది. పేరంతా శాతం గుర్తులు, ఈ0, బీ0 అని పడితే తెలుగు పేరు విప్పుకోలేకపోయిందంతే. లోపల కాగితం శుభ్రంగానే ఉంటుంది, పేరు మార్చుకోండి.

సేవ్ కానే కాకపోతే

పేరులో \ / : * ? " < > | వీటిలో ఏదున్నా విండోస్ ఒప్పుకోదు. తేదీని 12/06 అని పెట్టేవాళ్లకి ఎక్కువగా తగిలేది ఇదే. 12-06 అని పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో చోటుండీ పెద్ద వీడియో ఎక్కకపోతే అది ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంది. 4 జీబీ దాటిన ఫైలు దాంట్లో పట్టదు. లోపలివి వేరే చోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి.

దిగిన మరుక్షణం మాయమైతే విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి. అక్కడ పేరుంటే యాంటీవైరస్ తీసేసింది. బలవంతంగా వెనక్కి తెప్పించే ముందు పంపినవాళ్లతో మాట్లాడండి. నెల తర్వాత మాయమైతే, చోటు కోసం విండోస్ తనంతట తానే ఫైళ్లు తీసేసే స్టోరేజ్ సెన్స్‌ని అనుమానించండి. అందులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ శుభ్రం చేసే గడువు నెవర్ అని ఉండాలి.

బయటి సిస్టంలో దించితే

ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్ చరిత్ర దాచుకోని కిటికీలో) దించితే కిటికీ మూయగానే జాబితా పోతుంది గానీ ఫైలు ఆ హార్డ్ డిస్కులోనే ఉంటుంది. ప్రింటు తీసుకున్నాక కంట్రోల్ జెతో ఫోల్డర్ తెరిచి, మీ కాగితాన్ని (1), (2) కాపీలతో సహా ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి. అప్పుడది రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు. వాట్సాప్ వెబ్, జీమెయిల్ లాగౌట్ అవ్వండి. మర్చిపోయి బస్సెక్కేస్తే ఫోన్లో గూగుల్ ఖాతా, సెక్యూరిటీ, యువర్ డివైసెస్‌లో ఆ కంప్యూటర్ మీద నొక్కి సైన్ ఔట్ చేయండి. వాట్సాప్‌కైతే లింక్‌డ్ డివైసెస్‌లో అదే పని.